రెండో నంబరు ఇక్బాల్

ఇక్బాల్ మూగవాడు కాడు. ఈ మాట ఎప్పటికైనా రాయాల్సి వస్తుందని నేను అనుకోలేదు. ఇరవై ఏళ్ళకు పైగా అతనితో ఒకే గదిలో పనిచేశాను. ఆ గదిలో అందరికంటే ఎక్కువ నోరు చేసుకునేది అతనే. అయినా అతని మనవరాలు మిస్బా బళ్ళో టీచరుతో "మా దాదా మూగ" అని చెప్పింది.

తప్పు పిల్లది కాదు. గొంతులో పుండు లేచి, గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేసేనాటికి మిస్బాకు ఏడాది నిండలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఇక్బాల్ పలక మీద రాసి చూపించాడు, చిటికెలు వేసి పిలిచాడు, కోపం వస్తే స్టీలు గ్లాసుతో గోడ మీద కొట్టాడు. పిల్ల ఎరిగిన తాత అంతవరకే.

అతను పోయి ఐదు నెలలు కావస్తుండగా అతని భార్య రషీదా నాకు కబురు పెట్టింది. బరంపేటలో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. టీ ఇచ్చి, ఎదురుగా చాప మీద కూర్చుని అడిగింది.

"అన్నయ్యా, ఆయన మాట ఎక్కడన్నా ఉందా?"

"మాటంటే?"

"గొంతు. ఈ పిల్ల నేను చెప్తే నమ్మట్లా. నువ్వు పుట్టినప్పుడు నీ చెవులో అజాన్ చెప్పింది మీ దాదానే, నువ్వు మొదట విన్న గొంతు ఆయనదే అంటే నవ్వుద్ది. దాదాకి మాటెక్కడిది దాదీ, అంటది."

"ఫోన్లో లేదా?"

"మావాడు నదీం అంతా ఎతికాడు. కెమెరా పట్టుకునేవాడికి ఫోన్లో ఇంకో కెమెరా ఎందుకని మొండికేసి ఆ పాత డబ్బా ఫోనే వాడాడు గదా. దాంట్లో మాటలు దాచుకునే ఏర్పాటు లేదు. కొత్తది కొన్నాక ఆయనకి గొంతు లేదు."

"నదీం పెళ్ళి వీడియో?"

"ఆయనే తీశాడు, ఆయనే పాటలెక్కించాడు. మూడు గంటల్లో ఒక్క మనిషి మాట వినపడదు."

అప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చి "ఉంది" అన్నాను. ఒకరోజు, ప్రకటనలు చదివే అమ్మాయి రాకపోతే, ఇక్బాల్ తనే కెమెరా ముందు కూర్చుని చదివాడు. నీలం చొక్కా వేసుకున్నాడు. చేతిలో కాగితం పట్టుకున్నాడు. నాకు కళ్ళకు కట్టినట్టుంది. ఆ కాగితం రాసింది నేనే. ఆ క్యాసెట్ వెతికి తెస్తానని మాటిచ్చి లేచాను.

ఆ క్యాసెట్లు ఎక్కడివో చెప్పాలంటే మా రెండో నంబరు సంగతి చెప్పాలి.

నరసరావుపేటలో మల్లమ్మ సెంటరు దగ్గర, కళ్ళజోళ్ళ షాపు మీద, రెండు గదుల్లో వీరాంజనేయులు కేబుల్ టీవీ నడిపేవాడు. పందొమ్మిది వందల తొంభై ఏడులో సంగతి. టీవీలో రెండో నంబరు నొక్కితే వాళ్ళు వేసే సినిమా వచ్చేది. బోర్డు మీద ఏదో పేరుండేది గాని ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. "రెండో నంబరు పెట్టు" అనేవాళ్ళు. ఇక్బాల్ అందులో వైర్లు లాగడానికి, యంత్రాలు బాగు చెయ్యడానికి చేరాడు. వాళ్ళ నాన్నది సైకిల్ షాపు. ఇతను విజయవాడలో ఓ దుకాణంలో టీవీ రిపేరు నేర్చుకుని, పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తూ తిరిగేవాడు.

ఒక శివరాత్రికి ఆ పెళ్ళి కెమెరా భుజాన వేసుకుని కోటప్పకొండ వెళ్ళాడు. ఎవరూ వెళ్ళమనలేదు. తిరునాళ్ళలో ఊళ్ళ నుంచి వచ్చిన ప్రభలన్నిటినీ, ఆ ఎత్తైన రంగుల కట్టడాలను కింది నుంచి పైదాకా తీసి, మర్నాడు సాయంత్రం సినిమా ఆపి అది వేశాడు. కొండకు వెళ్ళలేని ముసలివాళ్ళు టీవీల ముందు చేరారు. ఒకరిద్దరు టీవీ ముందే కొబ్బరికాయ కొట్టారని చెప్పుకున్నారు. వారం తిరక్కుండా బరంపేట పెద్దలు వచ్చి "మా దర్గా ఉరుసు సంగతేంది?" అన్నారు. ఆ తర్వాత చర్చివాళ్ళు వచ్చారు. చివరికి పొద్దున పూట గుళ్ళ కార్యక్రమం, శుక్రవారం మసీదులో బయాన్ ప్రసంగం, ఆదివారం పొద్దున పాస్టరు గారి వాక్యం అని ఖరారైంది. మున్సిపల్ హైస్కూల్లో తెలుగు చెప్పుకునే నన్ను ప్రకటనలు రాయడానికి పిలిచారు. రంజాన్ నెలలో తెల్లవారుజాము భోజనానికి సహరీ వేళలు, ఏకాదశి ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుంది, చర్చి ఉపవాస కూడికలు ఎక్కడ, అన్నీ నేనే రాసేవాణ్ణి.

ఈ మధ్య ఓ సభలో మా ఛానల్ను మతసామరస్యానికి నిదర్శనం అన్నారు. నేను తెల్లముఖం వేశాను. మేము దాన్ని టైమ్‌టేబుల్ అనేవాళ్ళం. వీరాంజనేయులైతే ఇంకా సూటిగా చెప్పేవాడు: "ఒకళ్ళది వేసి ఒకళ్ళది వెయ్యకపోతే పొద్దునకల్లా వైర్లు కోస్తారయ్యా." అది స్నేహమో, వైర్ల భయమో నాకు అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలలేదు.

ఇక్బాల్ మాత్రం అందులో మునిగిపోయాడు. కొండకు వెళ్ళే రోజున ఇంట్లో పప్పే వండమనేవాడు. అలా చెయ్యమని ఏ పంతులూ అడగలేదు. శుక్రవారం మసీదులో అందరూ వరసలో నిలబడితే ఇతను కెమెరా కాళ్ళ వెనక నిలబడేవాడు; అందరూ వెళ్ళాక ఒక్కడే నమాజు చేసుకునేవాడు. మొదట్లో పెళ్ళిళ్ళ అలవాటు కొద్దీ గుళ్ళో "స్టార్ట్" అన్నాడట. పంతులు గారు హారతి పళ్ళెం పట్టుకుని వెనక్కి తిరిగి "నేనేమన్నా బస్సునా" అన్నాడు. ఆ రోజు నుంచి ఇక్బాల్ మాట మార్చాడు. "కానియ్యండి పంతులు గారూ." మసీదులో "కానియ్యండి హజరత్." చర్చిలో "కానియ్యండి అయ్యగారూ." ఆ మాట పడందే ఆ ముగ్గురిలో ఎవరూ నోరు తెరిచేవారు కాదు.

అతనిలో ఒక పెద్ద లోపం ఉండేది. ఐదో తరగతి దాకా ఉర్దూ బళ్ళో చదివాడు. తెలుగు రాత సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నాడు. క్యాసెట్ మీద పేరు రాయమంటే రెండక్షరాలు రాసి వదిలేసేవాడు, అందులోనూ కొమ్ములంటే బద్ధకం. "ప్రభలు" అన్నా "ప్రభ" అని రాసేవాడు, "ప్రభువు సందేశం" అన్నా "ప్రభ" అనే రాసేవాడు. ఒక శివరాత్రి ముందురోజు, పోయినేటి ప్రభలు చూపిస్తామని నేను ప్రకటన రాసి, క్యాసెట్ పెట్టి మీట నొక్కితే సువార్త సభలు వచ్చాయి. ఫోన్ మోగింది. అవతల రొంపిచెర్ల రోడ్డు నుంచి ఓ రైతు.

"ఏందయ్యా, ప్రభలంటిరి, ప్రభువొచ్చాడే?"

నేను ఇక్బాల్ మీద విరుచుకుపడ్డాను. అతను క్యాసెట్ అటూ ఇటూ తిప్పి చూసి "నాదేం తప్పు మాస్టారూ? మీ తెలుగోళ్ళు రెండిటికీ ఒకటే పేరెందుకు పెట్టుకున్నారు?" అన్నాడు.

"ఒకటే పేరు కాదు. దానికి కొమ్ముంది."

"ఆ కొమ్మొక్కటి చూసుకుని ఇంత గొడవా?"

క్యాసెట్లు కొనడం అతనికి ఇష్టం ఉండేది కాదు. ఉన్నవాటి మీదే మళ్ళీ మళ్ళీ తీసేవాడు. ఒక ఆదివారం పాస్టర్ ఆనంద్ బాబు గారు మంచి కాపరి గురించి చెప్పిన వాక్యం అయిపోగానే, అదే క్యాసెట్లో అడుగున మిగిలిన బక్రీదు మేకల సంత వచ్చింది, కసాయివాడు పళ్ళు పట్టి చూస్తుండగా. ఆయన మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని "మా మందను ఎక్కడికి తోలావు ఇక్బాలూ?" అన్నాడు. ఇక్బాల్ వారం రోజులు ఆయనకు ఎదురుపడలేదు.

తర్వాత టీవీ పక్కన పెట్టుకునే సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. మా ఛానల్ రెండో నంబరు నుంచి ఏడు వందల చిల్లర నంబరుకు పోయింది. ఎంత, ఏడు వందల ఎంత అని ఇప్పుడు అడిగితే నాకూ గుర్తులేదు. జనానికి అసలే తెలియదు. కరోనా ఏడు గదికి తాళం పడింది. అదే ఏడు ఇక్బాల్ గొంతు బొంగురుపోయింది.

నేను వీరాంజనేయులు దగ్గరికి వెళ్ళి విషయం చెబితే అతను తాళంచెవి చేతిలో పెట్టాడు. "ఆదివారం లోపల చూసుకోండి శివరామయ్య గారూ. సోమవారం ఫోన్ల షాపోళ్ళు దిగుతున్నారు. పాతసామానోడికి చెప్పేశా."

"ఇక్బాల్ కెమెరా ముందు కూర్చుంది ఎప్పుడో గుర్తుందా మీకు?"

"ఎందుకు లేదు. బక్రీదు రోజు. తెల్ల లాల్చీ."

నీలం చొక్కా అని నేను అనలేదు. ఆనంద్ బాబు గారికి ఫోన్ చేశాను. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం అని ఆయన గట్టిగా చెప్పారు, ఇక్బాల్ తడబడితే తను ఇంట్లో టీవీ ముందు నవ్వుకున్నానని కూడా అన్నారు. ప్రకటనలు చదివిన సాయి ప్రియ ఇప్పుడు గుంటూరులో ఉంటోంది. ఆమె ఏమందంటే, "నేనసలు ఒక్కరోజు కూడా మానలేదు మాస్టారూ, జ్వరమొచ్చినా వచ్చి చదివాను." ఆ కాగితం రాసింది నేను. అందులో ఏం రాశానో చెప్పమంటే చెప్పలేను.

క్యాసెట్లు అరవై ఒకటి ఉన్నాయి. కొన్నిటికి బూజు పట్టింది. సగానికి పైగా "ప్రభ." ఇక్బాల్ దగ్గర కెమెరా పని నేర్చుకున్న జిలానీ ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తూ ఉంటాడు. అతను ఎక్కడి నుంచో పాత వీసీఆర్ ఒకటి తెచ్చి, శుభ్రం చేసి పెట్టాడు. ఇద్దరం కూర్చున్నాం. మాకున్నది మూడు రోజులు. అందుకని వేగంగా తిప్పుతూ చూశాం. నీలం చొక్కా కోసం నేను, కుర్చీలో కూర్చున్న ఇక్బాల్ కోసం జిలానీ. దీపారాధనలు, ఊరేగింపులు, గాయక బృందాలు గబగబా పరిగెత్తాయి. చూసిన క్యాసెట్ను గోనెసంచిలో వేశాం. రెండో రోజు సాయంత్రానికి ముప్పై నాలుగు అయ్యాయి. పాతసామాను ఆటో వస్తే సంచి ఎక్కించి పంపేశాం.

మర్నాడు పొద్దున ముప్పై ఐదో క్యాసెట్ మధ్యలో ఇరుక్కుంటే జిలానీ వేగం ఆపి మామూలుగా నడిపాడు. చర్చి అరుగు మీద ఆనంద్ బాబు గారు గొంతు సవరించుకుంటున్నారు. కనిపించని మనిషి ఎవరో అన్నాడు: "మైకు కొంచెం కిందకి... ఆ. కానియ్యండి అయ్యగారూ."

జిలానీ మీట నొక్కి ఆపాడు. వేగంగా తిప్పితే బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. మేము ముఖం కోసం వెతికాం. అతను ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్నాడు. పంపేసిన ముప్పై నాలుగింటిలో ఎన్నిచోట్ల ఉన్నాడో ఇక తెలియదు. జిలానీ బండి మీద పాతసామాను షాపుకు పరిగెత్తాడు. అప్పటికే లారీలో వేసి పంపేశారట.

మిగిలినవాటిని జిలానీ ఇంటికి మోసుకుపోయి, వారం పైగా కూర్చుని మామూలు వేగంతో విన్నాం. చాలావాటిలో ఇక్బాల్ తనే పాటలు ఎక్కించి మాటలు తుడిపేశాడు. చివరికి మూడు ముక్కలు దొరికాయి. ఒకటి చర్చిలోది. రెండోది ఉరుసులో, బ్యాండు మోతలో. మూడోది కోటప్పకొండలో, నిమిషం పైగా ఉంది, స్పష్టంగా ఉంది. ఒక ప్రభను తాళ్ళతో లాగుతున్నారు, జనం తోసుకుంటున్నారు, వెనక నుంచి గొంతు:

"బాబాయ్, ఆ జెండా కర్ర దించు. నీకే చెప్పేది. నువ్వు గాదు మామా, నీ ఎనకాల టోపీ ఆయన. ఒరేయ్, చెప్తంటే నీక్కాదా? ప్రభ కనపడట్లా, నీ బుర్ర కనపడతంది. టీవీలో నీ బుర్ర చూడటానికా ఊరంతా కూర్చుంది? ఆ... ఇప్పుడు కానియ్యండి."

నాకు సంతోషమైంది. "దొరికాడు" అన్నాను. జిలానీ టేపు వెనక్కి తిప్పాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ విన్నాడు.

"సార్, ఇది నేనేమో."

"నువ్వా?"

"నేను కూడా కొండకి పొయ్యేవాణ్ణి గదా. ఆయన ఎట్టా అంటే అట్టనే అనేవాణ్ణి. కానియ్యండి అనకపోతే పంతులు గారు మొదలుపెట్టరని నాకు నేర్పిందే ఆయన. తిట్లు కూడా ఆయనవే."

"నీ గొంతు నీకు తెలియదా?"

"టేపు సాగిపోయింది సార్. అందులోనూ అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. నా గొంతో ఆయన గొంతో నాకు నిజంగా తెల్దు."

బొమ్మ మూలన తేదీ ఉంది. దాని ప్రకారం అది తొంభై నాలుగు. అప్పటికి మా ఛానలే లేదు. ఇక్బాల్ ఆ కెమెరా గడియారాన్ని ఎన్నడూ సరిచెయ్యలేదు. ప్రభ మీద మాత్రం పెద్ద అంకెలతో 2006 అని రాసి ఉంది. ఆ ఏడు శివరాత్రికి ఇక్బాల్ మాచర్లలో చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళాడని నాకు జ్ఞాపకం. జిలానీ ఒక్కణ్ణే కొండకు పంపాం. వీరాంజనేయుల్ని అడిగితే ఆ పెళ్ళి ఆ మరుసటేడు అన్నాడు. రషీదాను అడిగితే నిమిషంలో తేలిపోతుంది. కానీ ఎందుకు అడుగుతున్నానో కూడా ఆమెకు తెలిసిపోతుంది. పైగా నా జ్ఞాపకం విలువ ఎంతో నీలం చొక్కా దగ్గరే తేలిపోయింది.

మూడు ముక్కలూ ఫోన్లోకి ఎక్కించుకుని, ఆ పై ఆదివారం మధ్యాహ్నం బరంపేట వెళ్ళాను. ఎవరి గొంతో నాకు తెలియదని చెప్పే ఇవ్వాలనుకున్నాను. దారంతా ఆ వాక్యం కూర్చుకుంటూ వెళ్ళాను.

రషీదా చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. మొదటిది వినిపించాను. నాకు అది ఇక్బాలే అనిపించిన ముక్క.

"ఇది జిలానీ" అంది వెంటనే.

రెండోది బ్యాండు మోతలో ఆమెకు వినపడలేదు. మూడోది పెట్టాను. జెండా కర్ర దగ్గరే ఆమె చెయ్యి ఎత్తి నన్ను ఆగమంది. నేను ఏమీ మాట్లాడటం లేదు. పూర్తయ్యేదాకా అలాగే ఎత్తి ఉంచింది.

"ఏమే మిస్బా, ఇట్రా" అని పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది.

పిల్ల వాకిట్లో నుంచి వచ్చింది. ఫోను దాని చెవికి ఆనించింది రషీదా.

"ఎవరు?"

"మీ దాదా."

పిల్ల కళ్ళు పెద్దవి చేసి వింది. "ఎవర్ని తిడతన్నాడు?"

"జెండా కర్ర పట్టుకున్నాయన్ని."

"ఎందుకు?"

"అడ్డమొచ్చాడని."

"దాదాకి కోపమా?"

"కోపమే. చానా కోపం. నన్ను కూడా ఇట్టనే తిట్టేవాడు."

మిస్బా నవ్వింది. "నీ బుర్ర కనపడతంది" అని ఆ యాసలోనే అని, మళ్ళీ పెట్టమంది. నాలుగుసార్లు పెట్టారు. ఐదోసారి నడుస్తుండగా రషీదా నా వైపు తిరిగింది.

"ఆయనే కదన్నయ్యా?"

దారిలో కూర్చుకున్న వాక్యం నోటిదాకా వచ్చింది. పిల్ల మా ఇద్దరినీ చూస్తోంది.

"ఆయనే" అన్నాను.

అది అబద్ధమైతే అబద్ధం ఆడానని నాకైనా తెలియాలి కదా. అదీ తెలియడం లేదు. ఆమె నలభై ఏళ్ళు విన్న గొంతు. ఆమెకు తెలియకుండా ఉంటుందా? కానీ మొదటిది జిలానీ అని కూడా ఆమే అంది. ఇక్బాల్‌దని నేను ఒట్టేసి చెప్పగలిగింది ఆ మొదటి ముక్క ఒక్కటే.

వారం తర్వాత నదీం బజార్లో కనిపించాడు. మిస్బా బళ్ళో మాట మార్చిందట. "మా దాదా మూగ కాదు. టీవీలో అందర్నీ తిట్టేవాడు" అని టీచరుకు చెప్పిందట. అతను నవ్వుతూ చెప్పాడు, నేనూ నవ్వాను. జిలానీకి ఈ సంగతి చెబితే అతను "నేను వాళ్ళింటికి పోయి ఆ పిల్ల ముందు నోరు విప్పొచ్చా సార్ ఇంక?" అని అడిగాడు.

ఇదంతా రాయడానికి కూర్చుని ఇక్బాల్‌ను తలుచుకుంటే, ఇన్నాళ్ళూ మా మధ్య నడిచిన మాటలన్నీ ఆ కొండ మీది గొంతులోనే వినిపిస్తున్నాయి. కొమ్ము గొడవ, మేకల సంత నాటి నవ్వు, ఆపరేషన్‌కు ముందు రోజు ఆసుపత్రి వరండాలో "ఇంటికి పోండి మాస్టారూ" అన్న మాట, అన్నీ ఆ గొంతే. అంతకుముందు నా తలలో ఏ గొంతుండేదో వెతుకుతున్నాను. దొరకడం లేదు.